తల వైపు దారం

కుంపటి మొదటి పడవని మింగేసరికి పన్నెండున్నరయింది. కుంపటంటే నిజం కుంపటి కాదు, ల్యాబు మూలగదిలో ఉన్న యంత్రానికి స్టోర్స్ ఆయన పెట్టిన ముద్దుపేరు. ఏది పెట్టినా కాల్చి ఆవిరి చేసి, ఆ ఆవిరిలో పాదరసం ఎంతుందో తెర మీద అంకె వేసి, ఇక నీ ఖర్మ అని ఊరుకుంటుంది. పడవలంటే నిజం పడవలూ కాదు, చిటికెన వేలంత నికెల్ తొట్లు. గుండ్రటి పళ్ళెంలో వరసగా పన్నెండు కూర్చున్నాయి, ఒక్కోదానికి అయిదు నిమిషాలు, మొత్తం గంట. పదకొండింటిలో ఉన్నది ఆమె జుట్టే, ఎనిమిదేళ్ళ కిందటి జుట్టు, సెంటీమీటరు చొప్పున తెగ్గోసిన ముక్కలు. పన్నెండో దాంట్లో వండిన చేప ముక్క, బియ్యపు గింజంత. గంటసేపు చెయ్యాల్సిన పనేమీ లేదు, కూర్చోవడమే. కూర్చుంది. ల్యాబులో అందరూ ఆమెని ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల పాదరసం మేడమ్ అనీ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఒక్క లోహం వెంటపడి తిరుగుతున్న మనిషికి ఆ పేరు కాక ఇంకేం పెడతారు. అమ్మ పోయి ముప్ఫయి ఆరు రోజులయింది. ఆ రోజు నుంచీ లోపల ఏదో మొద్దుబారిపోయింది, పన్ను పీకించుకున్నాక బుగ్గ మొద్దుబారినట్టు; నొక్కితే వేలికి తెలుస్తోంది తప్ప బుగ్గకి తెలియడం లేదు. ఏడుపు రాలేదు. రాలేదన్న బెంగ కూడా రాలేదు. బంధువులు గుండె రాయి చేసుకుందన్నారు, చేసుకోవడం కూడా ఒక పనే కదా, ఆమె ఆ పని కూడా చెయ్యలేదు. కూర్చుంది, అంతే, అప్పుడూ ఇలాగే ఒక స్టూలు మీద.

పొద్దున పదింటికి పడవాయన వచ్చి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ కిందట జలాశయంలో నీళ్ళూ మట్టీ చేపలూ పట్టుకురావడానికి వారానికోసారి ఆమెని తన పడవలో తిప్పిన మనిషి. మోటారుకి ఏదో సామాను కొనడానికి పట్నం వచ్చాడట, వస్తూ వస్తూ నాలుగు గిన్నెల క్యారేజీ బల్ల మీద పెట్టి, మా ఆవిడ పంపింది మేడమ్, ఇవాళ పెద్ద చేప పడింది అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆయన మెట్లు దిగాడో లేదో ఆవిడ ఫోను. పడవాయన భార్య కనుక ల్యాబంతా ఆవిడని పడవక్క అంటారు, ఆవిడ ముందు మేడమ్ గారూ అనేది, రెండో నెలకల్లా చెల్లీ అయింది. క్యారేజీ అందిందా అనడిగి, ఎవరెవరు ఉన్నారు, టైపిస్టుకి పెళ్ళయిందా, డ్రైవరు మోకాలు ఎలా ఉంది అని అందరినీ వరసపెట్టి పలకరించి, చివర్న గొంతు తగ్గించి అసలు విషయం చెప్పింది. అమ్మాయికి మళ్ళీ నెల తప్పిందట, మూడో నెల. ఏడేళ్ళ తర్వాత. ఎవరో నర్సమ్మ వచ్చి పెద్ద చేపలు తగ్గించమందట. నర్సమ్మ మాటా వినాలి, నీ మాటా వినాలి, అప్పుడు నువ్వే కదా తినమన్నావు, ఇప్పుడేమంటావు అని అడిగింది. ఆమె నోట్లోంచి తినొచ్చక్కా అన్న మాట వచ్చేయబోయింది, అలవాటుగా, ఎన్నిసార్లు చెప్పిన మాటో. కళ్ళు క్యారేజీ మీద ఉన్నాయి. క్యారేజీ మూత చుట్టూ పలచగా నూనె పేరుకుని ఉంది. సాయంత్రం చెప్తానక్కా అంది. ఎందుకలా అందో ఫోను పెట్టేశాక కూడా కాసేపు తెలియలేదు.

తెలిసినప్పుడు కూడా పిడుగు పడ్డట్టేమీ కాలేదు. టైపిస్టు కంచాలు కడిగి తెస్తోంది, స్టోర్స్ ఆయన చేతులు తుడుచుకుంటూ పడవక్క చేతి కూర తిని ఎన్నాళ్ళయిందో అంటున్నాడు, అప్పట్లో వారం వారం తినేవాళ్ళం, గుర్తుందా మేడమ్, గురువారమొస్తే చాలు ఇంట్లో అన్నం వద్దనేవాణ్ణి. గుర్తుంది. అందరూ గుర్తున్నారు. పెద్దసారు, టైపిస్టు, డ్రైవరు, స్టోర్స్ ఆయన, గేటు దగ్గర కాపలా ఆయనతో సహా పదకొండు మంది, ఈ బల్ల చుట్టూనే. ఆ పదకొండు మంది, మిగిలింది ఇంటికి పట్టుకెళ్తే తిన్న అమ్మ, మొత్తం పన్నెండు. పన్నెండు అన్న అంకె దగ్గర ఆమె ఆగిపోయింది. రిపోర్టులో పట్టిక నాలుగు, కుడి వైపు వరస: పోలిక కోసం పట్నం వాళ్ళు, పన్నెండు మంది.

అప్పుడు ఏమనుకుందో ఇప్పుడు వెతికితే ఏమీ దొరకడం లేదు. జలాశయం ఒడ్డు వాళ్ళ జుట్టులో పాదరసం ఎంతుందో కొలిచింది. ఎక్కువుందో తక్కువుందో తెలియాలంటే ఆ చేప తినని వాళ్ళ జుట్టు పక్కన పెట్టి చూడాలి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళని ఓ పాయ జుట్టివ్వమని అడిగితే చేతబడి అనుకుని తప్పుకుపోయారు. మంగలి షాపులో ఊడ్చిన జుట్టు ఎవరిదో తెలియదు. నెల తిరిగిపోతోంది, పెద్దసారు కేకలేస్తున్నాడు, మనమందరం ఉన్నాం కదమ్మా, మనం పట్నం వాళ్ళం కాదా అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఒడ్డు వాళ్ళకి రెండు పేజీల ఫారం, వారానికి ఎన్నిసార్లు, ఏ చేప, ఎంత ముక్క, తలకాయ కూడా తింటారా, అన్నీ అడిగింది. పట్నం వాళ్ళకి సగం పేజీ. వయసు, ఉండే చోటు, ఎన్నేళ్ళుగా. చేప సంగతి అడగనేలేదు. పట్నం మార్కెట్టుకి ఆ జలాశయం చేప రాదు, రాని చేప గురించి అడగడమెందుకు. ఆ సగం పేజీలు నింపింది గురువారమే, భోజనాల బల్ల మీదే, ఒక ఫారం మూలన పసుపు మరక కూడా పడితే టైపిస్టుని కసురుకుంది, కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోవద్దా అని. పసుపు మరక కనబడింది. మరక ఎక్కడిదో కనబడలేదు.

తెర మీద అంకె పడింది. సున్నా పాయింట్ మూడు ఒకటి. పళ్ళెం టిక్కున తిరిగి రెండో పడవ లోపలికి వెళ్ళింది. అంకెలు చూస్తే ఇప్పటికీ చెయ్యి దానంతటదే నోటుబుక్కు మీదికి పోతుంది, రాసింది. పది లక్షల పాళ్ళలో మూడో వంతు పాలు. క్యారేజీలు మొదలవక ముందు నెల ఇది, చేప జోలికి పెద్దగా పోని మనిషి జుట్టులో ఉండాల్సినంతే ఉంది. ఈ అంకె ఎక్కువగా ఉంటే బాగుండేది. ఎక్కువుంటే పెద్దసారు మాట నెగ్గేది. ఇక్కడి మట్టే అంతమ్మా, ఇక్కడి గాలే అంత, చూడు, ఒడ్డు వాళ్ళకి రెండు, మనకి ఒకటి పాయింట్ తొమ్మిది, తేడా ఎక్కడుంది, సహజంగానే ఇంతుందని రాయి అన్నాడు. సహజంగానే అన్న మాట ఆమే రాసింది, తన చేత్తోనే. గర్భవతి జుట్టులో ఒకటి దాటకూడదని బయట పుస్తకాలు చెప్తున్నాయని గొణిగింది, నిజానికి గొణిగిందా, గొణిగానని ఇప్పుడు అనుకుంటోందా. గొణిగినా ఆయనకి వినబడేంతగా గొణగలేదు.

రెండోది, సున్నా పాయింట్ రెండు తొమ్మిది. అమ్మ వేలు తగిలిన జుట్టు ఇది. నలభై ఏళ్ళ కూతురికి రోజూ పొద్దున్నే తల దువ్వి జడ వేసేది అమ్మ, నేను వేసుకుంటాలే అంటే నీకు పాయలు సమంగా తియ్యడం రాదనేది, రాదు కూడా. జడ వంగినప్పుడల్లా పడవలో తడి బకెట్లలో పడుతోందని, నమూనాల్లో జుట్టు కలిస్తే గోవిందా అని, సర్వే తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం దారిలోనే ఆగి కుదుళ్ళకంటా కత్తిరించుకుని, తెగిన జడని బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టడం మాత్రం మానలేదు, కంచం కాస్త గట్టిగా పెట్టేది. మూడో రోజు ఆ జడ ఏదీ అంది. చెత్తలో వేస్తానంటే లాక్కుంది. ఆ రోజుల్లో ఇంట్లో కూడా బల్ల మీద ఒడ్డు వాళ్ళ జుట్టు పాయలు పరిచి ఉండేవి, ప్రతి పాయకీ తల వైపు కొసన ఎర్ర దారం కట్టి. దారం లేకపోతే ఏది తల వైపో ఏది చివరో తెలియదు, జుట్టు నెలకి సెంటీమీటరు పెరుగుతుంది, వైపు తప్పితే నెలలు తారుమారు. అమ్మకి ఈ పాఠం పది సార్లు చెప్పింది, అమ్మ పది సార్లూ ఆ ఆ అంది, పప్పు ఏరుకుంటూ. పోయిన వారం అమ్మ సొరుగు ఖాళీ చేస్తే అడుగున పాత దిండు గలీబులో చుట్టి జడ. విప్పింది. తల వైపు కొసన ఎర్ర దారం, రెండు ముళ్ళు వేసి. వింటూనే ఉందన్నమాట. అప్పుడైనా ఏడుపు రావాల్సింది. గలీబు మడిచి బ్యాగులో పెట్టుకుంది, నాలుగు రోజులు అది బ్యాగులోనే తిరిగింది, టిఫిన్ డబ్బా పక్కన.

మూడోది సున్నా పాయింట్ మూడు మూడు. ఈ మూడూ పడవ ఎక్కక ముందు నెలలు. నాలుగో పడవ లోపలుంది, అది మొదటి గురువారం ఉన్న నెల. తలుపు తట్టారు. స్టోర్స్ ఆయన. మేడమ్, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, క్యారేజీ ఎక్కడ దాచారు అని నవ్వుతూ అడిగాడు. క్యారేజీ నమూనాల ఫ్రిజ్‌లో ఉంది, మూతకి టేపు వేసి, తేదీ రాసి, తెరవకూడదని రాసి. తాళం ఆమె జేబులో. ఇవాళ ఎవరూ అది తినొద్దు అంది. పాడైందా అన్నాడు. లేదు, బాగానే ఉంది అంది. ఆయన ఆమె ముఖం కేసి చూశాడు, తల్లి పోయిన మనిషి, మతి స్థిమితంగా లేదేమో పాపం అనుకున్నట్టు తల ఊపి, మేము క్యాంటీన్‌కి పోతాం లెండి, మీకేమైనా తేనా అని అడిగాడు. వద్దంది. వద్దన్నాక ఆకలిగా ఉందో లేదో చూసుకుంది, తెలియలేదు. ఆయన అడుగుల చప్పుడు వరండాలో కాసేపు వినబడింది. ఆయన కూడా పన్నెండు మందిలో ఒకడే, వరస సంఖ్య అయిదు, ఒకటి పాయింట్ ఎనిమిది. అప్పట్లో నున్నటి తల మీద ఆ పాటి పాయ దొరకడానికే చెవుల వెనక వెతకాల్సి వచ్చిందని ల్యాబంతా నవ్వారు.

సున్నా పాయింట్ ఏడు నాలుగు. తర్వాత ఒకటి పాయింట్ మూడు ఎనిమిది. రాసింది. రాత గుండ్రంగానే వచ్చింది. నీళ్ళు నిలిపినప్పుడు అడివంతా మునిగిపోయింది, ఆకులు కుళ్ళాయి, మట్టిలో ఎప్పటి నుంచో పడి ఉన్న పాదరసం కంటికి కనబడని జీవాల చేతిలో పడి రూపం మార్చుకుంది, నాచులోకి, నాచు తిన్న పురుగులోకి, పురుగుని తిన్న చిన్న చేపలోకి, దాన్ని మింగిన పెద్ద చేపలోకి, మెట్టు మెట్టుకీ పెరుగుతూ. ఇది ఆమె విద్యార్థులకి చెప్పే పాఠం, నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. పెద్ద చేపలోనే ఎక్కువుంటుందని కూడా చెప్తుంది. పడవక్క ఇంట్లో పెద్ద చేప తినేవాళ్ళు కాదు, అమ్ముకునేవాళ్ళు. వాళ్ళు తినేది వేలెడంత చిన్న చేపలు, రోజూ. పెద్ద చేప పడితే నడిమి ముక్కలు తీసి క్యారేజీలో పెట్టేది, చదువుకున్నవాళ్ళు, ఎండలో పడి వస్తారు, వాళ్ళకి మంచివి పెట్టకపోతే ఎలా అని. రోజూ చిన్నది వాళ్ళు, వారానికోసారి పెద్దది వీళ్ళు, చివరికి ఇద్దరి జుట్టూ ఒకటే అంకె పలికింది. పెద్దసారు సంతోషపడ్డాడు. ఆమె కూడా సంతోషపడింది, ఎందుకు పడదు, తిన్న ఇల్లు కదా, మీ చేప మంచిదే అని చెప్పగలగడం కంటే ఏం కావాలి.

ఆ చెప్పిన రోజు మాత్రం నిన్నటిలా ఉంది. రిపోర్టు అచ్చయి వచ్చింది, ఒక కాపీ చేత్తో పట్టుకుని ఒడ్డుకి తనే వెళ్ళింది. పడవక్క కూతురు తిరగేసిన పడవ మీద కూర్చుని వల కన్నాలు కుడుతోంది, అయిదో నెల కడుపు, పందొమ్మిదేళ్ళ పిల్ల. లేచి నిలబడబోయి, నవ్వి, మళ్ళీ కూర్చుంది. సిగ్గుపడుతూ అడిగింది, అమ్మ పెద్ద చేప ముక్క పెట్టమంటోంది, బలమంటోంది, తినొచ్చా మేడమ్ అని. రిపోర్టు చేతిలోనే ఉంది, పట్టిక నాలుగు, పేజీ పంతొమ్మిది.

"నిక్షేపంగా తినమ్మా" అంది ఆమె.

అమ్ముకోవాల్సిన చేప నడిమి ముక్కలు ఆ నాలుగు నెలలూ ఆ పిల్లకే పెట్టారు. పిల్లాడు పుట్టాడు, పాలు తాగినన్నాళ్ళూ కూడా పెట్టారు. వాడికిప్పుడు ఏడేళ్ళు. పోయిన ఏడాది ఒడ్డుకి వెళ్తే దగ్గరికొచ్చి నిలబడ్డాడు, బొత్తాం పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు, వాళ్ళమ్మ వచ్చి పెట్టేదాకా. మాట మెల్లగా, ఒక్కో మాట వెతుక్కుని తెచ్చుకున్నట్టు మాట్లాడతాడు. బలపం పట్టుకోలేకపోతున్నాడని టీచరు అంటోందని పడవక్క నవ్వుతూ చెప్పింది, తాతలాగే మందకొడి, నీళ్ళలో వేస్తే మాత్రం చేపే అంది. ఒక్క పిల్లాణ్ణి చూసి ఒక్క కారణం చెప్పకూడదు. ఇది కూడా పాఠంలోదే. కాన్పు కష్టమై ఉండొచ్చు, పుట్టుకతోనే ఉండొచ్చు, నెమ్మదిగా వచ్చే పిల్లలు ఎంతమంది లేరు, పెద్దయ్యాక మామూలైపోతారు. ఉండొచ్చు, ఉండొచ్చు. ఆమె ఆ రోజు వాడి తల నిమిరింది, దుబ్బు జుట్టు, ఉప్పునీళ్ళు కాకపోయినా ఎండకి బిరుసెక్కింది. నిమిరి వచ్చేసింది. ఆ వేళ కూడా క్యారేజీ కట్టిచ్చారు, తెచ్చుకుని తిన్నారు.

ఆరోది, ఒకటి పాయింట్ ఎనిమిది ఏడు. ఇక చాలు కదా, తేలిపోయింది కదా అని ఎవరైనా అంటారు. తేలలేదు. జుట్టు పెరిగినట్టే ఇంకేదైనా పెరిగి ఉండొచ్చు. ఆ ఏడాది ల్యాబులో థర్మామీటరు పగిలి పాదరసం నేల మీద దొర్లింది, అది పీల్చి ఉండొచ్చు, తలకి రాసుకున్న నూనెలో ఉండొచ్చు, ఎండాకాలమై ఉండొచ్చు. మనసు ఇలా సందులు వెతుకుతోంది, మనసు పని అదే, ఆమె దానికి అడ్డం చెప్పకుండా వెతుక్కోనిచ్చింది. కానీ ఒక సంగతి తనకి తెలుసు. ఆ ఏడాది నడుమ పడవాయన గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు మంచంలో ఉన్నాడు, ఆమె వేరే పడవ మాట్లాడుకుంది, ఆ రెండు నెలలూ క్యారేజీ రాలేదు, గురువారాలు అందరూ ఇంటి అన్నం తెచ్చుకుని ముఖాలు వేలాడేసుకున్నారు. నేల మీద దొర్లిన పాదరసానికి పడవాయన కాలు సంగతి తెలియదు. నూనెకి తెలియదు. తెలిస్తే గిలిస్తే చేపకే తెలియాలి. ఏడూ ఎనిమిదీ ఆ నెలలు. పైకే పోవాలి, తగ్గకూడదు, దేవుడా తగ్గకూడదు అనుకుంది, ఈ రోజు మొత్తంలో ఆమె కోరుకున్నది ఇదొక్కటే.

ఒకటి పాయింట్ నాలుగు రెండు.

గోడ మీద నీళ్ళు కారిన మరక ఉంది, ఎప్పటి నుంచో ఉంది, సున్నం వేయించమని మూడు సార్లు కాగితం పెట్టింది. మరక అంచు వెంబడి చూపు తిప్పింది, పై నుంచి కిందికి, మళ్ళీ పైకి. కుంపటి లోపల చిన్నగా బుసకొట్టింది. అమ్మకి చివరి రెండేళ్ళూ చేతులు వణికేవి, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి వణకవా. వణుకుతాయి. అది కూడా ఇప్పుడు తెలుసుకునే దారి లేదు, ఆ సందులోకి వెళ్ళొద్దు. ఎనిమిదోది వచ్చింది, సున్నా పాయింట్ తొమ్మిది ఆరు. సగానికి సగం దిగిపోయింది. క్యారేజీ రాని రెండు నెలలు జుట్టులో గుంటపడి కనబడుతున్నాయి. తొమ్మిదోది ఒకటి పాయింట్ అయిదు ఒకటి, పడవాయన లేచి తిరిగాడు, గురువారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఎనిమిదేళ్ళ కిందట రాయాల్సిన ఫారం ఇదే, రెండో పేజీ, వారానికి ఎన్నిసార్లు తింటారు. అడగకపోయినా జుట్టు రాసిపెట్టుకుంది. అమ్మ దారం కట్టి దాచింది. ఇందులో తను చేసిందేమీ లేదు.

అన్ని పడవలూ అయ్యేదాకా నోరు విప్పకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. పరీక్ష మధ్యలో మాట జారిన కుర్రవాళ్ళని ఎంతమందిని చీవాట్లు పెట్టింది. మళ్ళీ ఇంకోసారి చేసి చూడాలి, వేరే ల్యాబుకి పంపి సరిచూసుకోవాలి, అప్పుడు రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాయాలి, రిటైరైన పెద్దసారుకి చెప్పాలి, ఆయన అవతలి నుంచి నీకిప్పుడు ఇదెందుకమ్మా అంటాడు, పన్నెండు మందిలో ఉన్నవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి, ఒడ్డు మీద నూట నలభై ఇళ్ళున్నాయి, వాళ్ళు అమ్ముకునే చేప కొనేవాళ్ళు వెనక్కిపోతారు, పడవాయన మోటారుకి కొన్న సామాను ఇంకా సంచిలోనే ఉండి ఉంటుంది. పద్ధతిగా వెళ్తే మూడు నెలలు పడుతుంది. అమ్మాయి మూడో నెలకి మూడు కలిపితే ఆరు. పదోది పడింది, ఒకటి పాయింట్ తొమ్మిది ఎనిమిది. రాయలేదు. చెయ్యి నోటుబుక్కు మీదికి కాకుండా ఫోను మీదికి పోయింది. గోడ గడియారంలో ఒకటీ ఇరవై. ఒడ్డు మీద భోజనాలవేళ.

పడవక్క రెండో రింగుకే ఎత్తింది. క్యారేజీ తిన్నారా చెల్లీ, ఉప్పు సరిపోయిందా అంది. వెనకాల గిన్నెల చప్పుడు.

"అక్కా, అమ్మాయి పెద్ద చేప తినకూడదు. కాన్పయ్యేదాకా, పాలు మాన్పించేదాకా వద్దు."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. అప్పుడు తినమన్నావు కదా అంది పడవక్క. కోపంగా కాదు, మర్చిపోయావేమో అని గుర్తుచేస్తున్నట్టు.

"అన్నాను. తప్పు చెప్పానక్కా. చేప తినని వాళ్ళ జుట్టు పక్కన పెట్టి మీ జుట్టు చూడాలి. నేను మా వాళ్ళ జుట్టు పెట్టాను. మేమందరం నీ క్యారేజీ తిన్నవాళ్ళమే. అందుకే రెండూ ఒక్కలా వచ్చాయి. నాకు తట్టలేదు."

పడవక్క చాలా మెల్లగా, "నేను పంపిన కూర వల్లనా" అంది.

కాదక్కా, అడగాల్సింది నేను, అడగలేదు, నీ తప్పేమీ లేదు అని ఆమె చెప్పింది, ఒకే మాట రెండు మూడు సార్లు చెప్పింది, గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్తున్నట్టే ఉంది, ఆ గొంతు వింటే తనకే అసహ్యం వేసింది. అవతల నుంచి ఉండు అన్న మాట, ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. కంచం ఇలా తే, చెయ్యి కడిగేసుకో అంటోంది పడవక్క. ఏమైందమ్మా అంది కూతురు, నోట్లో ముద్ద ఉన్న గొంతు. తినకు, ఊసెయ్యి. కంచం నేల మీద జరిగింది. అప్పుడు ఇంకో గొంతు, చిన్నది, ఒక్కో మాట వెతుక్కుని తెచ్చుకుంటూ, అమ్మమ్మా, అది, నాకు, పెట్టవా అంది. నీకూ వద్దు నాన్నా అంది పడవక్క. కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళు చాలాసేపు కారాయి. ఇటు ల్యాబులో పళ్ళెం టిక్కున తిరిగింది, పదకొండో అంకె పడి ఉంటుంది, చేప ముక్క ఉన్న ఆఖరి పడవ లోపలికి వెళ్తూ ఉంటుంది, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బుగ్గ మీద ఏదో పాకుతున్నట్టయి తుడుచుకుంటే వేలికి తడి తగిలింది.

పడవక్క మళ్ళీ వచ్చి ఫోను ఎత్తింది. ఊపిరి వినబడుతోంది.

"మరి వీడు, చెల్లీ? వీడికిలా ఉన్నది దానివల్లేనా?"

తెలియదక్కా అంది. ఇరవై రెండేళ్ళలో ఇంత బరువుగా ఆ మాట ఎప్పుడూ అనలేదు. జుట్టు కొలిస్తే తెలుస్తుందా అని అడిగింది పడవక్క. ఇప్పుడు ఎంతుందో తెలుస్తుంది, కడుపులో ఉన్నప్పటిది తెలియదు, ఆ జుట్టు ఎప్పుడో పోయింది అని ఆమె చెప్పింది. సరే, ఇప్పటిదైనా చూడు అంది పడవక్క, ఆయన రేపు మళ్ళీ వస్తాడు, ఆయనకిచ్చి పంపిస్తాను, వీడిదీ అమ్మాయిదీ. కత్తెర ఎక్కడ పెట్టానో అని తనలో తను అనుకుంది. కత్తెర దొరికినట్టుంది. ఫోనుకి దూరంగా, పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంటూ, కదలకుండా కూర్చో అంటోంది. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

"దారం తల వైపే కదా కట్టాలి?"

"అవునక్కా" అంది ఆమె. "తల వైపే."